పణము - పణ్యము: క్రిప్టో నాణెముల వ్యాపారమునందు మితి

(విశాఖపట్టణము, ఆటోనగరునందు జరిగిన మన కుల వార్షిక మహాసభలోఁ జేసిన యుపన్యాసము)



జీవితమంతయు బడిపిల్లలకుఁ దెలుఁగును, సంస్కృతమును బోధించి విశ్రాంతిగొన్న నావంటివాఁడు క్రిప్టో నాణెముల వ్యాపారమునుగూర్చి మాటలాడుట మీకు వింతగాఁ దోఁపవచ్చును. దీనికి రెండు కారణములు గలవు. ఈ ఆటోనగరునందలి లేతు కార్ఖానాలలోను, లారీలకు బాడీలు కట్టు షెడ్లలోను, వెల్డింగు కొట్లలోను పనిచేయు మన పిల్లలు రాత్రి షట్టరు దింపిన పిమ్మట సెల్‌ఫోనులలో నాణెముల ధరలు చూచుచుఁ గూర్చుండుట తఱచుగాఁ గనుచున్నాను. ఇది మొదటిది. పేదవిద్యార్థులకై మనము కూడఁబెట్టిన విద్యానిధిలోఁ గొంతభాగమును బ్యాంకునుండి తీసి యీ నాణెములలోఁ బెట్టినచో శీఘ్రముగా వృద్ధినొందునని కొందఱు యువకులు కార్యవర్గమునకు వ్రాసికొనిరి. ఇది రెండవది. వారి యుద్దేశము మంచిదే. మంచి యుద్దేశముతో వచ్చిన సూచనను ఎగతాళి చేసి త్రోసిపుచ్చుట పెద్దలకుఁ దగదు. కావున విషయమును కొంత తెలిసికొని, విచారించి, నాకుఁ దోఁచినది మీ యెదుట నుంచుచున్నాను.

సంస్కృతమునందు 'పణ' యను ధాతువొకటి కలదు. అంగడికి ఆపణము, విపణి యనియు, అమ్మఁదగిన సరకునకుఁ బణ్యమనియుఁ బేళ్లు వచ్చినది దానినుండియే. జూదమునందు ఒడ్డు ద్రవ్యమునకుఁ బణమను పేరు వచ్చినదియు దానినుండియే. పాణినీయ వ్యాఖ్యాతలు ఈ ధాతువునకు క్రయవిక్రయము, ద్యూతము అను రెండర్థములను జెప్పియున్నారు. ఈ రెంటికిని ఒకే మూల ముండుట ఊరక జరిగినది కాదని నా తలంపు. రెంటియందును రేపటి సంగతి తెలియదు. రెంటియందును సొమ్ము చేయి దాఁటును. మఱి భేద మెక్కడ? మితియందు. ఎంతవఱకు నష్టపడుదునో ముందుగానే నిర్ణయించుకొని, ఆ గీటు దాఁటనివాఁడు వర్తకుఁడు. నష్టము వచ్చినకొలఁది గీటును వెనుకకు జరుపుకొనుచుఁ బోవువాఁడు జూదరి. కొనిన వస్తు వొక్కటియే కావచ్చును. చెల్లించిన ధరయు నొక్కటియే కావచ్చును. కొనినవాని నియమమే వ్యాపారమును జూదమునుండి వేఱుపఱచును. నేఁడు నేను జెప్పఁదలచిన దింతియే; తక్కినదంతయు దీనికి వివరణము.

ముందు వస్తువునుగూర్చి రెండు మాటలు. సతోషి నకమోటో యను పేరుతో ఎవరో 2008 అక్టోబరు 31వ తేదీన ఒక వ్యాసమును బ్రకటించిరి. 2009 జనవరి 3వ తేదీన బిట్‌కాయిన్ పుట్టినది. రాజుగాని, బ్యాంకుగాని నడుమ లేకుండ, లోకమందలి యనేక కంప్యూటర్లు ఒకే చిట్టాను ఉమ్మడిగా నిర్వహించుట దీని యేర్పాటు. ఆ చిట్టాకు బ్లాక్‌చెయిన్ అని పేరు. బిట్‌కాయిన్లు మొత్తము 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టకుండ నియమ మేర్పఱచిరి. పిమ్మట వేలకొలఁది యితర నాణెములు బయలుదేఱినవి. వానిలో ననేకములకు ఇట్టి కట్టుబాటు లేదు. ఈ విద్యను నేను నిందింపను. మన ప్రభుత్వమే 2016లో నీ విశాఖపట్టణమున ఫిన్‌టెక్ వ్యాలీ యను పేర ఇట్టి విద్యలకుఁ బ్రోత్సాహ మొసంగఁ బూనుకొనెను. సుత్తి మంచిదే, అది వ్రేలిమీఁదఁ బడకుండఁ జూచుకొనుట పనివాని నేర్పు.

ఈ నాణెముల ధరల నడక యెట్టిదో చూడుఁడు. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ ధర 20 వేల డాలర్లకు సమీపించెను. సంవత్సరము తిరుగునప్పటికి సుమారు 3,200 డాలర్లకు దిగెను. 2021 నవంబరులో సుమారు 69 వేలకు లేచెను. మఱుసటి సంవత్సరము నవంబరునాఁటికి 16 వేలకు లోఁబడెను. 2024 డిసెంబరులో లక్ష డాలర్లు దాఁటెను. పెద్ద నాణెము గతియే యిట్లుండఁగా, చిన్నవాని మాట చెప్ప నక్కఱలేదు. 2022 ఏప్రిల్‌లో నూఱు డాలర్లకు పైగాఁ బలికిన లూనా యను నాణెము, మే నెలలోఁ గొలఁది దినములలోనే పైసకుఁ గొఱగానిదయ్యెను.

మఱియొక విశేషము గలదు. మన దేశపు షేర్ల విపణికి ప్రారంభకాలమును, ముగింపుకాలమును గలవు. సూచిక నూటికి 10, 15, 20 చొప్పున మాఱినప్పుడు వ్యాపారమును నిలుపు కట్టుబాటు 2001 నుండి యున్నది. క్రిప్టో విపణికి రాత్రి లేదు, ఆదివారము లేదు, పండుగ లేదు. గంట మ్రోఁగించి 'ఇఁక నింటికిఁ బొండు' అనువా రెవ్వరును లేరు. కావున ఆ గంటను ఎవనికి వాఁడు తన మనస్సులోనే కట్టుకొనవలయును. ఆ గంట కట్టుకొను విధమును మన వృత్తులలోని పనిముట్ల పోలికతో నాలుగు నియమములుగా మనవి చేసెదను.

మొదటి నియమము బరువునకు సంబంధించినది. మన నౌకాశ్రయమునకు వచ్చు పెద్ద నౌకల ప్రక్కను కొన్ని గీటు లుండుట మీలో ననేకులు చూచియుందురు. ఆ గీటు నీటిలో మునుఁగునట్లు సరకు నెత్తరాదు. ఇంగ్లండునందు శామ్యూల్ ప్లిమ్‌సాల్ అను నాతఁడు నావికుల ప్రాణములకొఱకుఁ జేసిన పోరాటమువలన 1876లో దీనికిఁ జట్టబలము గలిగెను. ఆ గీటులు పెక్కు. ఉష్ణమండల సముద్రమునకొకటి, శీతకాలపు సముద్రమునకు దానికంటెఁ గ్రిందుగా మఱియొకటి. సముద్ర మెంత కల్లోలమో, ఎత్తఁదగిన బరు వంత తక్కువ యన్నమాట. గీటును గీయునది రేవునందు, ప్రశాంతముగా నున్నప్పుడు. నడుసముద్రమునఁ దుపానులోఁ గాదు.

వ్యాపారమునందును ఇంతియే. లక్షరూపాయల మూలధనము గలవాఁడు ఒక్క బేరమునందు నూటికి ఒకటి, అనఁగా 1,000 రూపాయలకు మించి పోఁగొట్టుకొనరాదని నిశ్చయించుకొనె ననుకొందము. కొనిన ధరకంటె నూటికి 10 తగ్గినచో నమ్మివేయుదు నని తలఁచినచో, అతఁడు 10,000 రూపాయలకే కొనవలయును. ఆ నాణెము మిక్కిలి చంచలమై, నూటికి 20 తగ్గువఱకు ఓర్వవలసి యున్నచో 5,000 రూపాయలకే కొనవలయును. మన పిల్లలు దీనికి విపరీతముగాఁ జేయుచున్నారు: ఎంత యెగిరిపడు నాణెమో, అంత యెక్కువ సొమ్ము పెట్టుచున్నారు.

లెక్క యొకటి చూపెదను. వరుసగాఁ బది బేరములు చెడుట అసంభవము కాదు. ప్రతిసారియు మిగిలినదానిలో నూటికి 2 చొప్పునఁ బోఁగొట్టుకొన్నవానికి లక్షలో సుమారు 81,700 రూపాయలు మిగులును. నూటికి 20 చొప్పునఁ బోఁగొట్టుకొన్నవానికి మిగులునది సుమారు 10,700 మాత్రమే. మొదటివాఁడు మరల లక్షకుఁ జేరుటకు నూటికి 22 లేక 23 లాభము చాలును. రెండవవానికి నూటికి 830 కిఁ బైగాఁ గావలయును. సగము పోయినవాఁడు పూర్వస్థితికి వచ్చుటకు ఉన్నదానిని రెట్టింపు చేయవలయును. దిగుటకును ఎక్కుటకును మెట్ల లెక్క యొక్కటి కాదు. ఈ యొక్క గణితమును మన పిల్లలు గోడమీఁద వ్రాసికొన్నను మేలే.

రెండవ నియమము ఫ్యూజు. ఇది మీకు నేను నేర్పవలసినది కాదు. కరెంటు మితిమీఱినప్పుడు స్వల్పమైన తీఁగ కాలి, విలువగల మోటారును గాపాడును. ఫ్యూజు మాటిమాటికిఁ బోవుచున్నదని విసుగుకొని దాని స్థానమున లావుపాటి రాగితీఁగ చుట్టువాఁ డుండును. ఆ దినము పని యాఁగదు. పిమ్మట మోటారు చుట్టే కాలిపోవును. వ్యాపారులు స్టాప్‌లాస్ అనునది యీ ఫ్యూజే. 'ఈ ధరకు దిగినచో నమ్మివేయుము' అని కొనునప్పుడే యుత్తరు విచ్చి యుంచుట. ధర దిగుచుండఁగా, 'ఇంకొంచెము చూతము' అని యా యుత్తరువును రద్దుచేయువాఁడు రాగితీఁగ చుట్టువానికి సోదరుఁడు.

లెవరేజి యను నప్పు పద్ధతినిగూర్చి ఈ సందర్భముననే హెచ్చరింపవలసి యున్నది. 10 వేలు చేతనుంచుకొని లక్షరూపాయల బేరము చేయువానికి, ధర నూటికి 10 దిగినంతనే మూలధనమంతయుఁ బోవును. ఎక్స్‌ఛేంజివా రంతకుముందే యాతని బేరమును బలవంతముగా మూసివేయుదురు. 2025 అక్టోబరు 10వ తేదీన అమెరికా అధ్యక్షుఁడు చైనాపై సుంకములు ప్రకటించినప్పుడు, ఇట్టి యప్పు బేరములు ఒక్క దినములోపల 1,900 కోట్ల డాలర్లకుఁ బైగా మూసివేయఁబడినవి. అట్టి తుపానులో ధర మెట్టుమెట్టుగా దిగక దుముకును. స్టాప్‌లాసు కోరిన ధరకంటె మిక్కిలి క్రిందనే యమ్ముడుపోవచ్చును. కావున ఫ్యూజు గలదని మోటారుమీఁద మోయరాని భారము వేయరాదు. రెండవ నియమము మొదటిదానికిఁ దోడే గాని బదులు కాదు.

ఫ్యూజు కాలిన పిమ్మట మనస్సు పడు వేదన మఱియొక ప్రమాదము. భారతకథను స్మరింపుఁడు. ధర్మరాజు మొదటి జూదమున సర్వస్వమును నోడెను. ద్రౌపదికి ధృతరాష్ట్రుఁ డొసంగిన వరములవలన నంతయు మరల లభించెను. ఇంద్రప్రస్థమునకుఁ బోవుచున్నవానిని మరలఁ బిలిచిరి. ఆతఁడు మరల వచ్చి కూర్చుండెను. ధర్మము తెలియనివాఁడా? కాఁడు. శకుని నేర్పు నెఱుఁగనివాఁడా? కాఁడు. ఇంతటితో నాపుదునను గీటు ముందుగా లేనివాఁడు. మొదటి జూదముకంటె రెండవదియే మన పిల్లలకుఁ గావలసిన పాఠము. పోయినదానిని నేఁడే రాఁబట్టవలయునను పట్టుదలతోఁ జేయు బేరము నూటికి తొంబదిపాళ్లు క్రోధమే గాని వ్యాపారము గాదు. దినమునకు రెండు ఫ్యూజులు కాలినచో ఆ దినమునకు ఫోను మూసి నిద్రపోవలయునని ముందే నియమ మేర్పఱచుకొనుఁడు.

మూఁడవ నియమము గీటురాయి. మన స్వర్ణకారులు ఎంతటి పరిచితుఁడు తెచ్చిన బంగారమునైనను గీటురాయిపై గీయక కొనరు. అమ్మవచ్చినవానిమీఁది యవిశ్వాస మందుకుఁ గారణము కాదు; అది వృత్తిధర్మము. క్రిప్టోయందు నాణెమును మాత్రమే కాక, సొమ్ము దాఁచు చోటును సైతము గీయవలయును. బహామాలలోని ఎఫ్‌టిఎక్స్ అను ప్రసిద్ధ ఎక్స్‌ఛేంజి 2022 నవంబరు 11వ తేదీన దివాలా పిటిషను వేసెను. దాని స్థాపకునికి 2024లో 25 సంవత్సరముల కారాగారశిక్ష పడెను. మన దేశపు వజీర్‌ఎక్స్‌నుండి 2024 జులై 18వ తేదీన దొంగలు సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెముల నపహరించిరి. వినియోగదారులు తమ నాణెములను వెనుకకుఁ దీసికొనుటకు సంవత్సరమునకుఁ బైగా వేచియుండవలసి వచ్చెను. వారిలో స్టాప్‌లాస్ పెట్టుకొన్నవారును గలరు. ధర పడినప్పుడు ఫ్యూజు కాపాడును. ఇల్లే దోపిడియైనప్పుడు ఫ్యూజు కాపాడదు. బ్యాంకునందలి డిపాజిటునకు 5 లక్షల రూపాయలవఱకు భీమా గలదు. ఈ నాణెముల కది లేదు. 2023 మార్చి నుండి యిట్టి సంస్థలు కేంద్రప్రభుత్వపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌నందు నమోదు కావలయును; అదియైనను చూడక సొమ్ము పంపరాదు.

ఇంతకంటె ఘోరమైనది మన యూరిలోనే బయటపడినది. 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసువారు కొందఱు ఏజెంట్లను నిర్బంధించిరి. కంప్యూటరు ఉద్యోగములని చెప్పి మన ప్రాంతపు యువకులను కంబోడియాకుఁ బంపి, అచ్చట వారిని నిర్బంధించి, క్రిప్టో పెట్టుబడులు మొదలగు పేర్లతో మనవారినే మోసగించు పనికిఁ బెట్టిరని తేలినది. కొందఱు తిరిగి యిల్లు చేఱిరి. దీనినిబట్టి తెలియవలసిన దేమనఁగా, ఫోనులో స్నేహముగాఁ దెలుఁగున మాటలాడి, రెట్టింపు లాభము చూపు నపరిచితుఁడు వర్తకుఁడు కాకపోవచ్చును. ఎవరి నిర్బంధములోనో యున్న మన పొరుగింటి బిడ్డయే కావచ్చును. ఇట్టి మోసమున సొమ్ము పోయినవారు సిగ్గుపడి దాఁచుకొనక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలఁది సొమ్ము దూరమగును.

నాలుగవ నియమము చిట్టా. ఏ నాణెమును ఎందుకుఁ గొంటిని, ఎంతకుఁ గొంటిని, ఎక్కడ నమ్మఁదలచితిని, నిజముగా నెక్కడ నమ్మితిని అను నాలుగు మాటలు ప్రతిబేరమునకు వ్రాసికొనవలయును. చిట్టా లేనివాఁడు లాభములను మాత్రమే జ్ఞాపక ముంచుకొనును. మఱియు పన్ను సంగతి యొకటి గలదు. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ లాభములపై నూటికి 30 చొప్పునఁ బన్ను విధించిరి. ఒక నాణెముపై 50 వేలు లాభమును, మఱియొకదానిపై 50 వేలు నష్టమును వచ్చిన దనుకొనుఁడు. చేతికి వచ్చినది సున్న. పన్ను మాత్రము లాభముపై 15 వేలును, సెస్సును జెల్లింపవలయును; నష్టమును లాభమున కోడ్చుటకుఁగాని, మఱుసటి సంవత్సరమునకు మోసికొనిపోవుటకుఁ గాని చట్ట మొప్పుకొనదు. అమ్మకముపై నూటికి ఒకటి చొప్పున ముందుగానే పట్టుకొను విధి 2022 జులై 1 నుండి వచ్చినది. అది పిమ్మట లెక్కలో సరిపడునదే యైనను అంతవఱకు మూలధన మంతకంతకుఁ దఱుగుచుండును. దినమునకుఁ బదిమాఱులు కొని యమ్మువాఁడు తనకంటె ముందుగా ఇతరులకు సంపాదించి పెట్టుచున్నాఁడు.

ఇఁక యువకుల ప్రశ్న కుత్తరము. 'అయ్యా! 2018లోఁ గొని కదలక కూర్చున్నవాఁడు ధనవంతుఁ డాయెను గదా' యని వారందురు. నిజమే. కాని 84 పాళ్లు పడిపోయిన నాఁడు కదలక కూర్చుండుట యెవ్వరికి సాధ్యమైనది? ఆ సొమ్ముతో నింటియద్దె కట్టవలసినవానికిఁ గాదు. చిట్టీ పాడి తెచ్చినవానికిఁ గాదు. చెల్లెలి పెండ్లికి దాఁచినదానిని పెట్టినవానికిఁ గాదు. పోయినను భోజనమునకు లోటు రానంత చిన్న మొత్తమును బెట్టినవానికే సాధ్యమైనది. వారి దృష్టాంతమే నా మొదటి నియమమును సమర్థించుచున్నది. మఱియు గెలిచినవాని కథ ఊరంతయుఁ దిరుగును. ఓడినవాని కథ యింట నణఁగియుండును. షేర్ల విపణిలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అను బేరములు చేసిన వ్యక్తులలో 2021-22 మొదలు 2023-24 వఱకు నూటికి 93 మంది నష్టపోయిరని సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చినది. వారి నష్టము మొత్తము లక్షా 80 వేల కోట్ల రూపాయలకుఁ బైఁబడినది. కట్టుబాటులు గల విపణిలోనే యిట్లున్నది.

కావున విద్యానిధి విషయమున నా యభిప్రాయము స్పష్టము. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వివాదపదములలో రెండవది నిక్షేపము, అనఁగా నొకరు నమ్మి యొకరియొద్ద నుంచిన సొమ్ము. కడపటిది ద్యూతము. మొదటి కొసనున్నదానిని చివరికొసకుఁ దీసికొనిపోరాదు. మన విద్యానిధి నిక్షేపము. లేతుయంత్రముకడ నిలిచి సంపాదించిన కూలిలోనుండి నూఱు రూపాయ లిచ్చిన తండ్రి, ఇంకొకరి బిడ్డ చదువునకై యిచ్చెను. జూన్ నెలలో బడి ఫీజు కట్టవలసియుండఁగా, ధర మరల లేచువఱకు ఓపికపట్టుమని యా బిడ్డతోఁ జెప్పుట యెట్లు? తన సొమ్మునకు గీటు గీసికొను నధికారము ప్రతివానికిని గలదు. పరుల సొమ్ము విషయమున ఆ గీటు సున్నయొద్దనే యుండవలయును. నిధి బ్యాంకునందే యుండునుగాక.

యువకులను నిరాశపఱచుట నా యుద్దేశము గాదు. వారి యుత్సాహమునకుఁ బని యొకటి సూచించుచున్నాను. నెలకొక ఆదివారము సంఘభవనమునఁ గూర్చుండి, తమ చిట్టాలు తెఱచి, లాభములతోపాటు నష్టములనుగూడ నొకరి కొకరు చదివి వినిపించుకొనవలయును. నష్టమును బయటికిఁ జెప్పఁగలిగినవాఁడు దానిని దాఁచుటకై మఱియొక పెద్ద పందె మొడ్డఁడు. ఆ గోష్ఠికిఁ బెద్దలును రావలయును. గద్దించుటకుఁ గాదు, వినుటకు. ఇంట నప్పు సంగతి చెప్పుకొనలేక బిడ్డలు తప్పుదారి పట్టిన సందర్భములలో మన గద్దింపునకుఁ గూడఁ బాలున్నది.

ఇనుమును వేఁడిమిలోఁ గాఁగినంతసేపు కాఁచి, సమయమున నీట ముంచుట మన వృత్తి. కాఁచుటకును ముంచుటకును నడుమ నున్న యా క్షణము నెఱుంగుటయే పనితనము. ఆ పనితనము మన చేతులలోఁ దరతరములుగా నున్నది. దానిని ధనవిషయమునఁగూడ వాడుకొనుఁడని ప్రార్థించుచున్నాను.